మెడ మీద కత్తి పెట్టే చదువు

థైరాయిడ్ ఆపరేషన్ అయ్యి మత్తు దిగుతున్న మనిషిని 'నీ పేరేందమ్మా, చెప్పు' అని సర్జన్ పలకరిస్తాడు. పేరు తెలియక కాదు, గొంతు బొంగురుపోయిందేమోనని. స్వరతంత్రులను కదిలించే సన్నటి నరం థైరాయిడ్‌ను ఆనుకునే పోతుంది మరి.

మర్నాడు ఇంకో ప్రశ్న: 'పెదాలు తిమ్మిరెక్కుతున్నాయా?' థైరాయిడ్ వెనక బియ్యపు గింజంతేసి పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం వాటి చేతిలోనే ఉంటుంది, అది తగ్గితేనే ఆ తిమ్మిరి. చుట్టూ కొవ్వు, రంగూ ఇంచుమించు అదే. ఏదైనా రక్తం అందక నల్లబడితే దాన్ని తీసి, సన్నగా తరిగి, మెడ కండరంలో పెడతారు. నారు పీకి నాటేసినట్టే.

ఇదీ ఎండోక్రైన్ సర్జన్ పని. కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు, క్లోమంలోని హార్మోన్ గడ్డలూ వీరి ఇలాకాలోవే. మందులతో వైద్యం చేసే ఎండోక్రైనాలజిస్టు వేరు. ఆయనది డీఎం, వీరిది ఎంసీహెచ్. విద్యార్థులు తికమకపడేది ఇక్కడే.

దారి పొడుగే. ఇంటర్ బైపీసీ, నీట్ అయ్యాక ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎంఎస్ జనరల్ సర్జరీ 3 ఏళ్లు, నీట్-ఎస్ఎస్ రాసి ఎంసీహెచ్ మరో 3 ఏళ్లు. మొదటి మెట్టు మాత్రం ఉత్తర తెలంగాణ పిల్లలకు ఇప్పుడు ఇంటి ముందుకొచ్చింది. ఆదిలాబాద్‌లో రిమ్స్ ఎప్పటినుంచో ఉంది. 2022లో జగిత్యాల, రామగుండం, మంచిర్యాల, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. చివరి మెట్టుకు మాత్రం లక్నో ఎస్‌జీపీజీఐ, వేలూరు సీఎంసీ, మద్రాస్ మెడికల్ కాలేజీ లాంటి చోట్లకు మూట సర్దుకోవాల్సి రావచ్చు.

ఈ విద్యకు పెద్దదిక్కు స్విట్జర్లాండ్ సర్జన్ థియోడర్ కోచర్. 1883లో తన పాత పేషెంట్లను పిలిపించి చూస్తే, థైరాయిడ్ మొత్తం తీసేయించుకున్నవాళ్లు ఉబ్బిపోయి, మందకొడిగా కనిపించారు. చెయ్యి తిరిగిన సర్జనే, అయినా ఆ సంగతి దాచకుండా తానే బయటపెట్టాడు. 1909లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1883లో లేని హార్మోన్ మాత్రను ఇవాళ పేషెంట్లు పరగడుపునే వేసుకుంటున్నారు.

సీటు వెతికేటప్పుడు కాలేజీ పేరొక్కటే చూస్తే సరిపోదు. ఏడాదికి 25కు మించి థైరాయిడ్ ఆపరేషన్లు చేసే సర్జన్ల చేతిలో చిక్కులు తక్కువని 2017లో అచ్చయిన ఓ అమెరికా అధ్యయనం తేల్చింది. అందుకే సీనియర్లను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అక్కడ పీజీ కుర్రాడి చేతికి కత్తి ఇస్తారా, మూడేళ్లూ కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని నిలబడమంటారా?