పెరట్లోంచి రాగానే ఒక్కసారి ఒళ్లు చూసుకోండి

చెల్లెమ్మలూ, ఎండాకాలం వచ్చిందంటే న్యూజెర్సీలో మన కాపురాలన్నీ పెరట్లోనే కదా! గోంగూర మడులు, సొరపాదులు, పిల్లల ఆటలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల సాయంకాలపు నడకలు. జింకలొస్తే పిల్లల్ని పిలిచి మరీ చూపిస్తాం. ఆ జింకల ఒంటిమీద వచ్చే ఒక కొత్త రకం పిడుదు గురించి మీతో చెప్పాలనిపించింది.

2017లో ఇక్కడే, హంటర్‌డన్ కౌంటీలో, ఒకావిడ తన గొర్రెకు పట్టిన పురుగులేమిటో అడుగుదామని ఆరోగ్య శాఖ ఆఫీసుకు వెళ్లింది. అప్పటికే ఆవిడ బట్టలమీద వెయ్యికి పైగా పాకుతున్నాయట! తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. రట్గర్స్ యూనివర్సిటీవాళ్లు పరీక్షిస్తే ఇక్కడివి కావని, చైనా, కొరియా, జపాన్ వైపు ఉండే లాంగ్‌హార్న్‌డ్ టిక్ అనే పిడుదులని తేలింది. పాత నమూనాలు వెతికితే 2010లోనే వెస్ట్ వర్జీనియాలో ఒక జింకమీద దొరికినది బయటపడింది. ఇప్పుడు 20కి పైగా రాష్ట్రాల్లో ఉంది.

ఇంత తొందరగా ఎలా పాకిందంటారా? దీనికి మగపురుగుతో పనిలేదు. ఒక్క ఆడది చేరితే చాలు, తనంతట తానే 2,000 దాకా గుడ్లు పెట్టగలదు. అందుకే పశువుల మీద గుంపులుగా పడుతుంది. 2019లో నార్త్ కరోలినాలో ఇవి ఒక కోడె నెత్తురంతా పీల్చేసి చంపాయి. ఆవులకు థైలేరియా అనే జబ్బు కూడా అంటిస్తుంది. ఊళ్లో జెర్సీ ఆవులున్న ఇంట పుట్టినవాళ్లకు ఆ జబ్బు పేరు తెలిసే ఉంటుంది. మనవైపుది వేరే రకం, అంతే.

మరి మనుషులకో? చైనా, జపాన్, కొరియాల్లో దీనివల్ల వచ్చే ఒక వైరస్ జ్వరంలో డెంగీలోలాగే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ప్రాణాలూ పోతున్నాయి. అమెరికాలో ఆ జ్వరం ఇంకా కనబడలేదు. లైమ్ జబ్బుకు కారణం కూడా ఇది కాదు, నల్లకాళ్ల పిడుదు. కానీ అదీ మన పెరళ్లలోనే ఉంది, అందుకే నా బెంగ.

కుట్టకముందు లాంగ్‌హార్న్‌డ్ టిక్ నువ్వుగింజంత కూడా ఉండదు. చెవుల వెనక, జుట్టు మొదళ్లలో, చంకల్లో, బొడ్డులో, మోకాళ్ల వెనక వెతకండి. వేసుకున్న బట్టలు పదినిమిషాలు వేడి డ్రయర్‌లో తిప్పండి. పట్టుకుని ఉంటే కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దమ్మా! సన్నమొన ట్వీజర్లతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగి, సబ్బుతో కడగండి. తేదీ రాసిపెట్టుకోండి. తర్వాత కొన్ని వారాల్లో జ్వరమో దద్దురో వస్తే డాక్టరుకు ముందు ఈ సంగతే చెప్పండి.

అమ్మానాన్నల్ని మాత్రం మరీ మరీ అడగండి. ఇక్కడ ఆసుపత్రి ఖర్చుకు భయపడి, జ్వరమొచ్చినా పిల్లలకు చెప్పకుండా ఊరినుంచి తెచ్చుకున్న మాత్ర వేసుకుని పడుకుంటారు. వాళ్ల మోకాళ్ల వెనక వాళ్లకు కనిపించదు. మీరే చూడాలి.