కథ ఆయనది... రాత ఎవరిది?

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు టీచర్‌ని. మా ఊరి వ్యాపారి ఒకాయన తన ఆత్మకథ రాసిపెట్టమన్నారు. లక్షన్నరకు మాట అయింది, కాగితం రాసుకోలేదు. ఆయన చెప్పినవన్నీ ఫోన్లో రికార్డు చేసుకుని, ఎనిమిది నెలలు కూర్చుని 240 పేజీలు రాశాను. అడ్వాన్సు 50 వేలు ఇచ్చారు. పుస్తకం ఆయన పేరుతో ఘనంగా ఆవిష్కరించారు. మిగతాది అడిగితే ‘జీవితం నాది, పుస్తకం నాది. మధ్యలో మీ హక్కేముంది టీచరుగారూ?’ అంటున్నారు. రాతప్రతి ఇచ్చి ఏడాదిన్నర దాటింది. నాకు దారి లేదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దారి ఉందమ్మా. జీవితం ఆయనదే, కాదనం. కానీ కాపీరైట్ జీవితానికి ఉండదు, దాన్ని చెప్పిన వాక్యాలకు ఉంటుంది. ఇంగ్లండులో డెర్బీ పందెం ఆరుసార్లు గెలిచిన స్టీవ్ డోనహ్యూ అనే జాకీ తన అనుభవాలు ఒక విలేకరికి చెప్పాడు. విలేకరి వాటిని పత్రికకు రాశాడు. అవే మరో పత్రికలో రాబోతుంటే హక్కు నాదని జాకీ కోర్టుకెక్కి, 1937లో ఓడిపోయాడు. సంగతులు చెప్పినంత మాత్రాన రచయిత కాడు, వాటికి భాష కట్టినవాడే రచయిత అని తీర్పు సారం. ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైట్ లేదని మన సుప్రీంకోర్టూ 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది.

ఒక్క మెలిక ఉంది. ఆయన వాక్యం తర్వాత వాక్యం చెప్తుంటే మీరు ఉన్నదున్నట్టు దించి ఉంటే రచయిత ఆయనే. భారతం వ్యాసుడిది, ఘంటం పట్టిన వినాయకుడిది కాదు కదా! మీ రికార్డింగులు, చిత్తుప్రతులు పక్కపక్కన పెడితే ఎవరి రాత ఎంతో తేలిపోతుంది. వాటిని చెరపకండి.

ఇక ‘డబ్బిచ్చి రాయించాను’ అన్న వాదన. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం జీతానికి ఉద్యోగంలో పెట్టుకుని రాయిస్తే హక్కు యజమానిది. డబ్బిచ్చి ఫొటో తీయించుకున్నా, బొమ్మ గీయించుకున్నా హక్కు చేయించుకున్నవారిదే. బయటివారితో రాయించుకున్న పుస్తకం మాత్రం ఆ జాబితాలో లేదు. హక్కు చేతులు మారాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఒప్పందం, దాని మీద మీ సంతకం ఉండాలి. అది లేదు కనుక హక్కు మీ దగ్గరే ఉందని వాదించవచ్చు. అలాగని పుస్తకం అమ్మకం ఆపిస్తారని ఆశపడకండి. ఆయన పేరుతో వేసుకోవడానికే రాసిచ్చారు కాబట్టి ఆ మేరకు మీరు అనుమతించినట్టేనని కోర్టు భావించవచ్చు.

మీరు గట్టిగా పట్టుకోవలసింది డబ్బు సంగతి. నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే. ఎంతకు ఒప్పుకున్నారో రుజువు కాకపోయినా, ఉచితంగా చేయని పనిని అనుభవించినవారు ప్రతిఫలం ఇవ్వాల్సిందేనని కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ అంటుంది. 50 వేలు జమైన బ్యాంకు స్టేట్‌మెంటు, రాతప్రతి పంపిన ఈమెయిల్, వాట్సాప్ సంభాషణలు మీ సాక్ష్యాలు. ఫోన్లో ఉన్నవాటిని కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. చెల్లింపునకు గడువు పెట్టుకోలేదంటే పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లలో దావా వేయాలి. అంటే సగం కాలం అయిపోయింది. ముందు లాయరు ద్వారా నోటీసు పంపండి. ‘రేపిస్తా, ఎల్లుండిస్తా’ అన్న మాటల మీద కూర్చోవద్దు.

పేరు మాటకొస్తే, హక్కులు రాసిచ్చేసినా రచయితనని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మిగులుతుంది. అయితే గుట్టుగా ఉంచుతానని మాటిచ్చి ఉంటే దాన్ని మీరినందుకు ఆయన పరిహారం అడగవచ్చు. కోపంలో ఆయన మీకు నమ్మి చెప్పిన ఇంటి సంగతులు ఫేస్‌బుక్‌లో పెట్టారంటే, బాకీ రావలసిన మీరే ముద్దాయి అవుతారు.

ఈసారి ఎవరికి రాసిపెట్టినా మొదటి పేజీ కంటే ముందు ఒప్పందం రాయండి. ఏ విడతలో ఎంత ఇవ్వాలి, ఎన్నిసార్లు దిద్ది ఇవ్వాలి, మధ్యలో మానుకుంటే ఎంత, పేరు వేయాలా వద్దా, అందులోని ఆరోపణల మీద పరువునష్టం కేసు వస్తే ఎవరు భరించాలి – అన్నీ ఉండాలి. ‘మొత్తం సొమ్ము ముట్టిన తర్వాతే హక్కులు బదిలీ అవుతాయి’ అన్న వాక్యం మరవకండి. హక్కులు ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. అందుకే ఈ రెండూ రాసుకోవడం రాయించుకునేవారికీ మేలే.

లాయరు ఫీజు గురించి వెనకాడకండి. మహిళలకు ఉచిత న్యాయసహాయం చట్టం ఇచ్చిన హక్కు. మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఆ పుస్తకంతో పాటు మీ చిత్తుప్రతుల కట్ట కూడా తీసుకెళ్లండి.