నాక్ సెన్సరు మార్చుటకు ముందు

నూజివీడు ప్రాంతపు తోటలలో ఏప్రిల్ నుండి జూన్ వరకు మామిడి కోత ముమ్మరముగా సాగును. బంగినపల్లి, రసములు, కలెక్టరు కాయలు నింపుకొనిన చిన్న ట్రక్కులు హనుమాన్ జంక్షన్ చేరి, అచ్చట చెన్నై–కలకత్తా రహదారి ఎక్కును. ఇట్టి బండ్లలో పెట్రోలువి, సి.ఎన్.జి.వి కూడ కలవు. వీటి ముందు పలకపై ఇంజను బొమ్మ గల దీపము వెలిగినపుడు, "నాక్ సెన్సరు పోయినది, మార్చవలెను" అను మాట మనకు తరచు వినవచ్చును. అది పంచాయతీ బండియైనచో బిల్లు సభ్యుల యెదుటికే వచ్చును. ఆ మాటను ఎట్లు పరీక్షింపవలెనో తెలుపుదుము.

పెట్రోలు ఇంజనులో ప్లగ్గు రవ్వ వేసిన పిమ్మట మంట ఒక కొస నుండి క్రమముగా వ్యాపింపవలెను. వేడి, ఒత్తిడి మితిమీరినచో, మంట చేరకమునుపే మిగిలిన ఇంధనము తనంతట తాను అంటుకొనును. అప్పుడు పుట్టు టకటక శబ్దమే నాకింగు. అది అట్లే సాగినచో పిస్టను చిట్లును. పూర్వము దీనిని అణచుటకు పెట్రోలులో సీసము కలిపెడివారు. మన దేశమున 2000 సంవత్సరములో అది నిలిచిపోయినది. ఈనాటి పెట్రోలులోని ఇథనాలు వలన నాకింగు పెరుగునను మాట సరికాదు. ఇథనాలు నాకింగును ఓర్చు ఇంధనము. పాత బండ్ల రబ్బరు భాగములకు అది పడునా అనునది వేరు ప్రశ్న.

నాక్ సెన్సరు ఇంజను దిమ్మకు బోల్టుతో బిగించిన చిన్న బిళ్ళ. అందులోని స్ఫటికము అదరుపాటుకు స్వల్ప విద్యుత్తును పుట్టించును. ఈ గుణమును 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. ఆ సంకేతము అందగానే ఇంజను కంప్యూటరు రవ్వను కొంచెము ఆలస్యము చేయును, నాకింగు ఆగును. సంకేతము నమ్మదగనిదైనపుడు కంప్యూటరు జాగ్రత్తకొరకు రవ్వను ఆలస్యముగనే ఉంచును. బరువుతో బండి ఈడ్వలేకపోవుట, మైలేజి తగ్గుట అందువలననే.

స్కానరు పెట్టినపుడు పి 0325, పి 0327, పి 0328 వంటి సంఖ్యలు వచ్చును. ముఖ్యముగా గ్రహింపవలసినది ఇదియే: ఈ సంఖ్యలు సెన్సరు చెడినదని చెప్పవు, సెన్సరు, తీగ, కనెక్టరు, కంప్యూటరు కలిసిన మార్గములో ఎక్కడనో లోపము కలదని మాత్రమే చెప్పును. 0327 అన్నచో సంకేతము మరీ తక్కువ, 0328 అన్నచో మరీ ఎక్కువ.

కావున ఇంజను చల్లారిన పిమ్మట తీగను మొదట చూడవలెను. తోటలలో, గోదాములలో నిలిపిన బండ్లకు ఎలుకలు తీగలు కొరుకుట మనమెరిగినదే. కనెక్టరులో తుప్పు, నూనె, వదులు చూడవలెను. తరువాత బోల్టు. సెన్సరు కూర్చొను చోట తుప్పు, రంగు, మురికి ఉన్నను, బోల్టు వదులైనను అది సరిగా వినజాలదు. అధికముగా బిగించుటయు దోషమే. తయారీదారు చెప్పిన బిగింపు చాలా బండ్లలో సుమారు 20 న్యూటన్ మీటర్లు, దానికి టార్క్ రెంచి వాడవలెను. తయారీదారు చెప్పనిదే వాషరు వేయరాదు.

మీటరుతో నిరోధము కొలిచి "తెగిపోయినది" అనుట తొందరపాటు. అనేక రకముల సెన్సర్లు మంచివైనను అత్యధిక నిరోధమునే చూపును. మీటరును ఏ.సి. మిల్లీవోల్టులకు మార్చి, సెన్సరు దగ్గర దిమ్మపై స్పానరుతో మెల్లగా తట్టినచో అంకె కదలవలెను. సెన్సరుపైన మాత్రము కొట్టరాదు.

దీపము వెలగక, చెవికి టకటక వినబడుచున్నచో విషయము వేరు. రెండు ఇంధనముల బండిలో దీనికొక సులువు కలదు. సి.ఎన్.జి. నాకింగును బాగుగా ఓర్చును. పెట్రోలుపై మాత్రమే, బరువు మీద శబ్దము వచ్చినచో ఇంధనము, సిలిండరులోని మసి, వేడెక్కుట, తగని ప్లగ్గు అనువానిని చూడవలెను. రెండింటిపైనను ఒకే తీరున వచ్చినచో బేరింగు వంటి భాగముల అరుగుదలను అనుమానింపవలెను. అప్పుడు బండి నడపరాదు. డీజిలు ఇంజను స్వభావముచేతనే టకటకలాడును. మన సాధారణ ట్రాక్టర్లకు ఈ సెన్సరే ఉండదు గనుక దాని పేర బిల్లు వచ్చినచో వెంటనే ప్రశ్నింపవచ్చును.

మిగిలిన బిల్లులకు స్కానరు సంఖ్య, తీగయు బోల్టును చూచిన సంగతి వ్రాయించి, తీసివేసిన పాత సెన్సరును తెప్పించుకొనవలెను. కొత్తది వేసిన పిమ్మట సంఖ్యను చెరిపి, బరువుతో కొన్ని మైళ్ళు నడిపించి, మరల స్కానరు పెట్టించిన తరువాతనే సొమ్ము చెల్లింపవలెను. తీగ లోపమైనచో అదే దీపము మరల వెలుగును. అది కాయ నిండిన బండి రోడ్డుపై ఉన్న రోజుననే కావచ్చును.