పచ్చని పూలన్నీ జాజులు కావు

పెరటి తోట: ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పసుపు పూల జాజి గురించే. అయితే అందరి పెరట్లోనూ ఉన్నది ఒకే మొక్క కాదు. అందుకే పెంపకం కంటే ముందు గుర్తుపట్టడం గురించి చెప్పుకుందాం.

ప్రశ్న: పసుపు జాజి అంటే నర్సరీలో కొని కుండీలో పెట్టాం. పువ్వు అరచేతిలో సగం ఉంది, వాసన లేదు. ఇది నిజంగా జాజేనా?
- ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: ఒక ఆకు తుంచి చూడండి. తుంచిన చోట పాలు కారితే అది అల్లమండ. మల్లె, జాజి జాతుల్లో దేనికీ పాలుండవు. అల్లమండ ఆకులు దళసరిగా మెరుస్తూ, కణుపు చుట్టూ మూడు నాలుగు చొప్పున వస్తాయి. హైదరాబాద్ ఎండకు చక్కగా తట్టుకునే మొక్కే కాబట్టి తీసేయనక్కర్లేదు. కాకపోతే ఆ పాలు చేతికి తగిలితే దురద పెడతాయి, కడుపులోకి వెళితే వాంతులు, విరేచనాలు అవుతాయి. కత్తిరించేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి.

పాలు రాకపోతే ఇంకో పరీక్ష ఉంది. పువ్వు గొట్టాన్ని గోటితో నిలువునా చీల్చండి. లోపలి గోడకు అంటుకుని రెండే రెండు కేసరాలు కనిపిస్తే అది జాజి జాతే. ఒంటిరెక్క మల్లెను చీల్చినా ఈ రెండే ఉంటాయి. నాలుగో అయిదో ఉంటే నర్సరీ చీటీ మీద ఏం రాసి ఉన్నా అది జాజి కాదు.

ప్రశ్న: మా ఇంట్లో పసుపు పూల పొద ఉంది. కొమ్మలు ఫౌంటెన్‌లా వంగి నేలను తాకుతాయి. పువ్వు ముద్దగా, చిన్న గులాబీలా ఉంటుంది. నిరుడు బాగా పూసింది. ఈ డిసెంబరులో మల్లెతో పాటు దీన్నీ కత్తిరించాను. మల్లె చిగురించింది కానీ దీనికి ఒక్క మొగ్గా రాలేదు. ఎరువు తక్కువైందా?
- ఒక రిటైర్డ్ టీచర్, బెంగళూరు

జవాబు: ఎరువు తక్కువై కాదు, కత్తెర పడిన వేళ అలాంటిది. మీది ప్రిమ్‌రోజ్ జాజి, శాస్త్రీయంగా జాస్మినమ్ మెస్నీ. కొమ్మ పట్టుకుంటే పలకలు పలకలుగా తగులుతుంది. ఆకులు కణుపుకు ఎదురెదురుగా, ఒక్కో కాడకు మూడేసి ఉంటాయి. పువ్వుకు ఆరు నుంచి పది దాకా రెక్కలు. చైనాలోని యునాన్ ప్రాంతం దీని పుట్టిల్లు.

మల్లె కొత్త చిగురు మీద పూస్తుంది. అందుకే నీళ్ళు ఆపి, కొమ్మ కొట్టి, మళ్ళీ నీళ్ళు పెడితే విరగబూస్తుంది. ఈ జాజిది పూర్తిగా వేరే పద్ధతి. వానాకాలంలో పెరిగిన కొమ్మ మీదే చలికాలం చివర పూస్తుంది. డిసెంబరులో కొడితే రాబోయే పూతనే కొట్టేసినట్టు. ఇక మీదట పూత అయిపోగానే, అంటే మార్చి, ఏప్రిల్‌లలో కత్తిరించండి. ముదిరిన కొమ్మల్లో మూడో వంతు మొదలుకంటా తీసేసి, మిగతావి వదిలేయండి. గుండ్రంగా గొరిగితే దీని వాలు అందం పోతుంది. ఎత్తూ వెడల్పూ రెండేసి మీటర్లకు పైనే పెరుగుతుంది కాబట్టి గోడకు ఆనించకుండా చోటివ్వండి. డాబా పిట్టగోడ మీద నుంచి కిందికి వాలనిచ్చినా బాగుంటుంది.

ప్రశ్న: ఊటీలో బంధువుల ఇంటి నుంచి పసుపు జాజి కొమ్మలు తెచ్చాం. పూలు చిన్నవి, కొమ్మ చివర గుత్తిగా వస్తాయి. ఎలా నాటాలి? విజయవాడలో మా అక్కకూ ఇవ్వవచ్చా?
- ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: కణుపులు చూడండి. ఆకులు ఎదురెదురుగా కాకుండా ఒక కణుపుకు ఇటు, పై కణుపుకు అటు వస్తూ, కాడకు మూడు నుంచి ఏడు చిన్నాకులుంటే అది జాస్మినమ్ హ్యూమిలే. మన పాత మొక్కల పుస్తకాల్లో పచ్చ అడవిమొల్ల అంటారు. హిమాలయాల్లో సహజంగా పెరుగుతుంది. దీని దగ్గరి చుట్టం ఒకటి నీలగిరుల్లోనూ ఉంది. పూలకు అయిదు రెక్కలు, లేత వాసన ఉంటాయి.

పెన్సిల్ లావు కొమ్మలను జానెడు పొడవున, కణుపు కిందుగా కోయండి. కింది ఆకులు తీసేసి, ఇసుక, కోకోపీట్ సగం సగం కలిపిన కుండీలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి నీడన పెట్టండి. జులై, ఆగస్టు అనువైన కాలం. సుమారు నెలన్నరలో వేళ్ళు పోసుకుంటాయి. తర్వాత ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నాటండి. నీళ్ళు నిలవకూడదు. లేత చిగుళ్ళకు పేనుబంక పడితే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

మదనపల్లె చల్లదనానికి పూస్తుంది. విజయవాడలో ఆకు పెరిగినా పూతకు హామీ లేదు. అక్కయ్యగారికి విరజాజి ఇవ్వండి, సంతోషిస్తారు.

ప్రశ్న: మా కంచె మీద పసుపు పూల తీగ ఫిబ్రవరి నుంచి పూస్తోంది. ఘుమఘుమలాడుతోంది. ఇక్కడ దీన్ని జాస్మిన్ అనే అంటారు. మా పాప జడకు మాల కట్టవచ్చా?
- ఒక తల్లి, డాలస్

జవాబు: వద్దు. మీరు చెప్పిన దాన్ని బట్టి అది కరోలినా జెసమిన్, అంటే జెల్సీమియం. పేరే జాజిది, గుణం మాత్రం విషం. పువ్వు, ఆకు, వేరు, తేనె అన్నీ ప్రమాదమే. దక్షిణ కరోలినా 1924లో దీన్ని రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. అక్కడి పెరళ్ళలో అంత మామూలు మొక్క కాబట్టే అనుమానం రాదు. హనీసకిల్ అనుకుని పువ్వు చీకి జబ్బుపడ్డ పిల్లలున్నారు. వృక్షశాస్త్రజ్ఞులు ఒకప్పుడు దీన్ని మన ముష్టిచెట్టు కుటుంబంలోనే లెక్కగట్టారు, తర్వాత విడదీశారు.

నిర్ధారించుకోవాలంటే గ్లవ్స్ వేసుకుని పువ్వు చీల్చండి, కేసరాలు అయిదుంటాయి. ఆకులు ఎదురెదురుగా ఉన్నా మూడేసి కాదు, ఒక్కొక్కటే సన్నగా నున్నగా ఉంటుంది. తీగ ఎర్రబారి గట్టిగా ఉంటుంది. పిల్లలు చిన్నవాళ్ళయితే తీయించేయడం మేలు. పొరపాటున నోట్లో పెట్టుకుంటే కళ్ళు మసకబారడం, రెప్పలు వాలడం, నీరసం కనిపించే దాకా ఆగకుండా పాయిజన్ కంట్రోల్‌కు, 1-800-222-1222 నంబరుకు, ఫోన్ చేయండి. జడకు మల్లె కావాలంటే కుండీలో పెంచుకుని, మంచు పడే ముందు ఇంట్లోకి తెచ్చుకోండి.

ప్రశ్న: జనవరిలో ఒక్క ఆకూ లేని పచ్చి పుల్లల మీద పసుపు పూలు చూశాను. గుంటూరులో అమ్మకు కొమ్మ తీసుకెళ్ళవచ్చా?
- ఒక విద్యార్థి, లండన్

జవాబు: అది వింటర్ జాస్మిన్, జాస్మినమ్ న్యూడిఫ్లోరమ్. 1844లో రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి బ్రిటన్‌కు తెచ్చాడు. పువ్వు అయ్యాకే ఆకు వేస్తుంది, వాసన ఉండదు. గట్టి చలి కావాలి కాబట్టి గుంటూరులో బతకదు. పైగా అనుమతి పత్రం, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కొమ్మలు మన దేశంలోకి తేవడం చట్టవిరుద్ధం. ఫొటో పంపండి చాలు.

పాఠకులకు మనవి: గుర్తుపట్టమని అడిగేటప్పుడు పువ్వు ఫొటో ఒక్కటే పంపకండి. ఆకులు కొమ్మకు ఎలా అతుక్కున్నాయో తెలిసేలా ఒకటి, చీల్చిన పువ్వుది ఒకటి జతచేయండి. మీ ఊరు, పూసిన నెల కూడా రాయండి.