కట్టడముల మాటలు – వాని అర్థములు

మా పాఠశాలలోని పై తరగతుల బాలబాలికలు చరిత్ర పాఠములందు గ్రీకు, గోథిక్, పునరుజ్జీవన కాలపు కట్టడములను గూర్చి చదువుచుందురు. “ఈ మాటలన్నియు రేపు కళాశాలలో ఇంగ్లీషునందే వచ్చును గదా, తెలుగున చెప్పుట యెందులకు?” అని కొందఱు తల్లిదండ్రులు మమ్మడుగుచుందురు. పేరు ఏ భాషలోనిదైనను నేర్చుకొనవచ్చును. కాని ఆ పేరుగల వస్తువు చేయు పని యేదో ఇంటిభాషలో తెలిసినవానికే ఆ పేరు మనసున నిలుచును. ఇంటివద్ద పిల్లలతో కలిసి చదువుకొనుటకు వీలుగా ముఖ్యమైన మాటలను ఇచట వివరించుచున్నాము.

గ్రీకుల పద్ధతి స్తంభము, దూలము. ఏథెన్సులోని పార్థినాన్ ఆలయము క్రీ.పూ. 447లో ప్రారంభమైనది. దాని ముంగిట 8, ప్రక్కన 17 స్తంభములు. మూల స్తంభములు రెండు లెక్కలందును చేరును. స్తంభపు బోదెకు షాఫ్టు అనియు, దానిపై నిలువుగా చెక్కిన గాళ్లకు ఫ్లూట్లు అనియు, తలకు క్యాపిటల్ అనియు పేర్లు. తలను చూచియే తెగను చెప్పవచ్చును. అలంకారము లేని దిండువంటి తల డోరిక్. ఇరువైపుల చుట్టలు గలది అయోనిక్. ఆకులు చెక్కినది కొరింథియన్. గ్రీకుల డోరిక్ స్తంభమునకు క్రింద పీఠముండదు. స్తంభములపైని భాగమంతయు ఎంటాబ్లెచర్. అందు క్రింది దూలము ఆర్కిట్రేవ్, నడిమి పట్టీ ఫ్రీజ్, పైని చూరు కార్నిస్. ముంగిటి ముక్కోణపు నెత్తి పెడిమెంట్. పొడుగైన రాతిదూలము తన బరువునకు తానే విఱుగును గనుక స్తంభములు దగ్గఱ దగ్గఱగా నుండవలసి వచ్చెను.

రోమనులు కమానును విరివిగా వాడిరి. అందలి రాళ్లు ఒకదానినొకటి నొక్కుకొని నిలుచును. నడినెత్తిని చివరగా పెట్టు రాయి కీస్టోన్. అయితే కమాను తన కాళ్లను ఇరుప్రక్కలకు నెట్టును. ఈ నెట్టుడు తెలిసిననే గోథిక్ పద్ధతి తెలియును.

పారిసు చెంతనున్న సెయింట్ డెనిస్ చర్చిలో 1144 నాటికి పూర్తియైన భాగమును గోథిక్ పద్ధతికి తొలి ఉదాహరణముగా చెప్పుదురు. మొనదేలిన కమాను ప్రక్కలకు తక్కువగా నెట్టును. పైకప్పు క్రింద ఆకు ఈనెలవలె సాగు రాతిపట్టీలు రిబ్బులు. ఒరగబోవు గోడకు మనము వాలుగా ఊతకొయ్య పెట్టుదుము గదా! ఆ పనినే రాతితో చేయునది ఫ్లయింగ్ బట్రెస్. బరువు ఇట్లు బయటికి పోవుటచే గోడలకు మాఱుగా రంగుటద్దపు కిటికీలు వెలసినవి. చక్రమువంటి పెద్ద కిటికీ రోజ్ విండో. సాహసము మీఱినచోట కీడును కలిగినది: ఫ్రాన్సులోని బోవే చర్చిలో సుమారు 48 మీటర్ల ఎత్తున కట్టిన రాతికప్పు కొంత 1284లో కూలిపోయెను. పారిసులోని నోత్రదామ్ చర్చి కొయ్యకప్పు 2019 ఏప్రిల్ 15న కాలి, శిఖరము పడినప్పుడు, రాతికప్పు అక్కడక్కడ చిల్లులు పడినను అధికభాగము నిలిచెను. ఆ చర్చి 2024 డిసెంబరులో మరల తెఱవబడినది.

“గోథిక్” అను పేరు కట్టినవారు పెట్టుకొన్నది కాదు. గోథులు దానిని కట్టనేలేదు. పునరుజ్జీవన కాలపు ఇటలీవారు అది అనాగరికుల పని యని ఎగతాళిగా పెట్టిన పేరు. నేడది గౌరవముతోనే పలుకబడుచున్నది.

ఆ ఇటలీవారు ప్రాచీన రోము కొలతలను మరల చేపట్టిరి. ఫ్లారెన్సు చర్చి గుమ్మటమును బ్రునెల్లెస్కి 1420 మొదలు 1436 వఱకు కట్టించెను. వెడల్పు సుమారు 45 మీటర్లు. లోపలొకటి, వెలుపలొకటిగా రెండు పొరలు. నేలనుండి కొయ్య ఆధారము లేకయే దానిని లేపిరి. గుమ్మటము క్రింది గోడ డ్రమ్, నెత్తినుండు చిన్న మంటపము లాంటర్న్. గోడకంటి యుండు చదునైన స్తంభము పైలాస్టర్. ఒకవైపు తెఱచిన కమానుల వసారా లోజియా.

ఈ మాటలను చూచుటకు మన ముంబయి నగరమే చాలును. 1833లో పూర్తియైన టౌన్‌హాలు ముంగిట డోరిక్ స్తంభములున్నవి. 1887లో పూర్తియైన విక్టోరియా టెర్మినస్, నేటి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్, గోథిక్ పద్ధతినే అనుసరించినది. మొనదేలిన కమానులు, ఎనిమిది మూలల గుమ్మటము అందు గలవు. కట్టడపు పనులకై ఈ నగరమునకు వచ్చిన తెలుగు కామాటీల పేరనే కామాటిపుర వెలసినది. రాతి బరువును, కమాను నెట్టుడును చేతులతో నెఱిగిన ఆ జనుల సంతతికి ఈ విద్య పరాయిది కాదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి: ఒక సెలవుదినమున పిల్లలను ఆ కట్టడముల యొద్దకు కొనిపోవుడు. ఇది యేమి, దీని బరువును మోయునది యేది, ఇది లేకున్న ఏమగును అని మూడు ప్రశ్నలడుగుడు. బిడ్డ తెలుగున తడబడక బదులు చెప్పినచో, ఇంగ్లీషు పేరు నేర్చుటకు ఒక్క పూట చాలును.