పండుగ మరునాటి సలాడు

పండుగనాటి వంటకు కొలత కుదురుట కష్టము. వచ్చువారు ఎందరో ముందుగా తెలియదు; తక్కువ పడినచో మర్యాద పోవునను భయము మరియొకటి. కావున తల్లులు సోలెడు బియ్యమును, గుప్పెడు శనగలును ఎక్కువగానే పోయుదురు. తిమ్మాజిపేటవంటి ఊళ్లలో క్రిస్మసుకు బగారన్నము, మాంసపు కూర. దసరాకు, సంక్రాంతికి మరికొన్ని వంటకములు. ఏ పండుగయైనను సాయంకాలమునకు వంటయింట మూతపెట్టిన గిన్నెలు నాలుగు మిగిలియుండును. మరునాడు వానిని మూత తీసి వాసన చూచి, “తిందుమా, పారవేయుదుమా?” అని తల్లి తర్కించుకొనును. ఆ ప్రశ్నయే ఈ పాఠమునకు విషయము.

రెండు పక్కలను నష్టము గలదు. 2022వ సంవత్సరమున ప్రపంచములో 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమయ్యెననియు, అందు నూటికి 60 పాళ్లు గృహములనుండియే పోయెననియు ఐక్యరాజ్యసమితి పర్యావరణ శాఖవారు 2024లో లెక్క తేల్చిరి. పారవేయుట పాపమని చెప్పుటకు ఈ లెక్క చాలును. కాని చెడిన దానిని పొదుపు పేరిట పిల్లలకు పెట్టినచో, మిగిలిన కాసులు మందులకు చాలవు.

మిగిలిన వంటను సులభముగ వినియోగించు మార్గములలో సలాడు ఒకటి. ఆ మాట ఉప్పు అను అర్థము గల లాటిను శబ్దమునుండి పుట్టినది. పేరు పరదేశముదైనను వస్తువు మనకు క్రొత్తది కాదు. శ్రీరామనవమినాడు పంచిపెట్టు వడపప్పు, గద్వాలకు పడమటనున్న కన్నడ సీమవారి కోసంబరి, బగారన్నము ప్రక్కన నిమ్మరసము పిండి పెట్టు ఉల్లిగడ్డ ముక్కలు, ఇవన్నియు సలాడులే. ఇటలీ దేశమున టస్కనీ ప్రాంతపు రైతులు ఎండిన రొట్టెను నీట తడిపి, పిండి, ఉల్లిగడ్డయు టమాటయు కలిపి తినుట వాడుక. మన జొన్నరొట్టె మిగిలినచో పెనముమీద పెళుసెక్కువరకు కాల్చి, నలిపి, సలాడుపై చల్లుకొనవచ్చును. తడిపినచో మాత్రము ముద్దయగును. నేను చేసి చూచితిని.

పండుగ మిగులులో సలాడునకు మిక్కిలి తగినవి ఉడికించిన శనగలు, బబ్బెర్లు, ఆలుగడ్డలు, పెంకు తీయని గ్రుడ్లు. రెండు గిన్నెల శనగ గుగ్గిళ్లకు ఉల్లిగడ్డ ఒకటి, కీరదోసకాయ ఒకటి, టమాట ఒకటి, పచ్చిమిరపకాయ ఒకటి, కొంచెము కొత్తిమీర, గుప్పెడు వేయించిన పల్లీలు, ఒక నిమ్మకాయ చాలును. తరిగిన ఉల్లిగడ్డను చల్లని నీటిలో పది నిమిషములుంచి వడకట్టినచో ఘాటు తగ్గి చిన్నపిల్లలును తిందురు. టమాటలోని గింజల గుజ్జును తీసివేయవలెను. అన్నిటిని కలిపి, నిమ్మరసమును ఉప్పును వడ్డించుటకు కొంచెము ముందు మాత్రమే చేర్చవలెను. ఏలయనగా ఉప్పు కూరగాయలలోని నీటిని వెలుపలికి లాగును. ముందుగా వేసినచో గిన్నె అడుగున నీరు చేరి ముక్కలు వడలును. విద్యార్థులారా, మీరు తరగతిలో ఆలుగడ్డ ముక్కను ఉప్పునీటిలో వేసి చూచిన ప్రయోగము ఇదియే. నిమ్మరసము రుచికొఱకు మాత్రమే కాదు. పప్పుధాన్యములలోని ఇనుమును దేహము గ్రహించుటకు అందలి ‘సి’ విటమిను తోడ్పడును.

ఇంతవరకు సులభమే. కష్టమంతయు దీనికి ముందున్నది. కూరను మరల మరిగించి తిందుము. సలాడును చల్లగనే తిందుము. కావున గిన్నెలో క్రిమి యున్నచో దానిని చంపుటకు మనకు మరియొక అవకాశము లేదు. మరిగించినను అన్ని దోషములు పోవునని తలపరాదు. బియ్యములో నుండు బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి గట్టి బీజరూపమున ఉడుకును తట్టుకొని, వెచ్చని అన్నములో మరల మొలకెత్తి పెరిగి విషమును పుట్టించును. ఆ విషము వేడికి నశించదు. మన చేతులనుండి ఆహారమున చేరు స్టాఫిలోకాకస్ అను క్రిమి విషమును అట్టిదే. వాసనచేత వీనిని కనుగొనలేము.

కొన్ని యేండ్ల క్రిందట మా యింట ఒక పండుగ రాత్రి పెద్ద గిన్నెడు శనగలు మిగిలెను. బల్లులు పడునను భయముచేత ఆవిరి పోకముందే నేనే మూత బిగించి, పైన బరువు పెట్టితిని. మేలు చేసితినని అనుకొంటిని. ఉదయమున మూత తీయగా గింజలు జిగురు సాగుచుండెను. అడుగునున్నవి బాగుగనే యున్నవని మా అమ్మ కడుగబోయెను, కష్టముమీద ఆపితిని. ఆవిరిని లోపల బంధించుటచే గిన్నె రాత్రియంతయు గోరువెచ్చగ నుండి క్రిములకు పొదుగుడు పెట్టెయైనది. డిసెంబరు చలి గోడలకు తగిలినది గాని గింజలకు తగులలేదు.

నాటినుండి మేము మరునాటి భాగమును వడ్డనకు ముందే తీయుచున్నాము. విస్తళ్ల నడుమ తిరిగివచ్చిన గిన్నెలోనిది, చేతులు తగిలినది, సలాడునకు పనికిరాదు. శుభ్రమైన గరిటెతో తీసిన దానిని వెడల్పు పళ్లెములో పలుచగ పరచి, పలుచని గుడ్డ కప్పి, ఆవిరి పోయిన వెంటనే ఫ్రిజ్జులో నుంచవలెను. వండిన ఆహారమును రెండు గంటలకు మించి బయట నుంచరాదనియు, 5 డిగ్రీలకు లోపల చల్లగనో 60 డిగ్రీలకు పైన వేడిగనో నిలుపవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2001లో ప్రకటించిన అయిదు సూత్రములలో నున్నది. మన వేసవిలో ఒక గంటయే ఎక్కువ. బగారన్నమును సలాడులో కలుపవద్దని నా సలహా. చద్దన్నము నిలుచుచున్నది గదా యని కొందరడుగుదురు. నీటిలో పులియునప్పుడు పుట్టు ఆమ్లము పెక్కు క్రిములను అడ్డగించును. నూనెయు మసాలయు గల బగారన్నమునకు ఆ రక్షణ లేదు.

ఫ్రిజ్జు లేని యిండ్లవారు ఈ పాఠము తమకు కాదని అనుకొనవలదు. వారు మిగులును ఉడికినదిగ గాక నానినదిగ మిగుల్చుకొనవచ్చును. నానబెట్టిన శనగలలో అక్కరయైనంత మాత్రమే ఉడికించి, తక్కినవానిని మంచి నీటితో కడిగి, నీరు వాడ్చి, తడి గుడ్డలో వదులుగ మూటకట్టి గాలి తగులుచోట వ్రేలాడదీయవలెను. పూటకొకసారి కడుగవలెను. ఒకటి రెండు దినములలో తెల్లని మొలక కనబడును. చలికాలమున కొంత ఆలస్యమగును. మొలకలను పచ్చిగ తినక, మెత్తబడువరకు ఉడికించి, చల్లారిన వెంటనే పైన చెప్పినట్లు కలిపి తినవలెను. మా యింట ఫ్రిజ్జు వచ్చిన తరువాతను ఈ మూట పోలేదు. క్రిస్మసు మరునాడు పిల్లలు లేవగనే మొదట చూచునది కిటికీకి వ్రేలాడు ఆ గుడ్డనే.