ప్రశ్నలు - జవాబులు: అమ్ముడుపోని ఫ్లాటుకు ధర ఎక్కడ తేలుతుంది?

ప్రశ్న: 2007లో డబ్లిన్‌లో రెండు పడకగదుల ఫ్లాటు కొన్నాం. కొన్నేళ్లుగా అందులో ఒక కుటుంబం అద్దెకుంటోంది. వాళ్ల అద్దెలో ఎక్కువ భాగం ప్రభుత్వ సాయమే. ఈమధ్య మా బిల్డింగులో అగ్నిప్రమాద రక్షణ ఏర్పాట్లు సరిగ్గా లేవని తేలింది. అప్పటి నుంచి కొనడానికి వచ్చినవాళ్లకు బ్యాంకులు లోన్ ఇవ్వడం లేదు. హౌసింగ్ అసోసియేషన్‌కు అమ్మేస్తే మా అప్పంతా తీరుతుంది, పేదవాళ్లకు ఇల్లూ దొరుకుతుంది అంటున్నాడు ఒక ఏజెంటు. నమ్మవచ్చా?
- ఒక పాఠకుడు, డబ్లిన్

జవాబు: అమ్మే అవకాశం ఉంది. అప్పంతా తీరుతుందన్న మాట మాత్రం నమ్మకండి. మీరు బ్యాంకుకు ఎంత బాకీ ఉన్నారన్నది కొనే సంస్థ లెక్కలోకి రాదు. మీరు 2007లో ఎంత పెట్టారన్నదీ రాదు. దాని లెక్క ఆ ఇంటిమీద రాబోయే ముప్ఫై ఏళ్లలో వచ్చే డబ్బుతో మొదలవుతుంది. ఐర్లండ్‌లో ఈ లాభాపేక్ష లేని సంస్థలను అప్రూవ్డ్ హౌసింగ్ బాడీలు అంటారు. క్లూయిడ్, రెస్పాండ్, టూఆ వంటివి వాటిలో పెద్దవి. ఆ సంస్థల ఇళ్లలో ఉండేవాళ్లు తమ ఆదాయాన్ని బట్టి కొద్దిపాటి అద్దె కడతారు. ఇల్లు సామాజిక గృహంగా, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు కేటాయించే అద్దె ఇల్లుగా, అందుబాటులో ఉన్నంతకాలం ప్రభుత్వం సంస్థకు ఏటా కొంత చెల్లిస్తుంది. ఆ మొత్తం మార్కెట్ అద్దెకు కాస్త తక్కువగా ఉంటుంది. ఈ రాబడిని చూపించి సంస్థ ప్రధానంగా ప్రభుత్వానికే చెందిన హౌసింగ్ ఫైనాన్స్ ఏజెన్సీ దగ్గర దీర్ఘకాలిక అప్పు తెచ్చుకుంటుంది. 2011లో మొదలైన కాల్ఫ్ పథకం కింద ప్రభుత్వం ఖర్చులో కొంత భాగాన్ని చాలా తక్కువ వడ్డీకి ముందుగా ఇస్తుంది.

ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. ఇంటిమీద నెలకు 1,500 యూరోలు, అంటే ఏడాదికి 18,000 వస్తాయనుకోండి. మరమ్మతులు, బీమా, బిల్డింగు నిర్వహణ రుసుము, సంస్థ సిబ్బంది ఖర్చు కలిపి 5,000 పోతే 13,000 మిగులుతుంది. మూడున్నర శాతం వడ్డీతో ముప్ఫై ఏళ్లకు ఆ 13,000 మోయగలిగిన అప్పు సుమారు 2,39,000 యూరోలు. లోపాలు సరిచేయడానికి 40,000 కావాలంటే మీ చేతికి రాగలిగింది 1,99,000. కాల్ఫ్ సొమ్ము దీన్ని కొంచెం పైకి జరపవచ్చు. మీ బాకీ మూడు లక్షలైనా, లక్షన్నరైనా ఈ అంకె మారదు. ఏజెంటు మీతో మాట్లాడేటప్పుడు మీ బాకీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కిస్తున్నాడు. కొనేవాళ్లు అద్దె దగ్గర మొదలుపెట్టి ముందుకు లెక్కిస్తారు. బేరాలు చాలావరకు చెడేది ఈ రెండు లెక్కల మధ్యే.

అయితే ధర ఒక్కటే అడ్డంకి కాదు. అమ్ముడుపోని ఇళ్లను సామాజిక గృహాలుగా మార్చే ప్రయోగం ఐర్లండ్ దేశమంతటా ఒకసారి జరిగింది. 2007 తర్వాత అక్కడ ఇళ్ల ధరలు సగానికి పైగా పడిపోయాయి. 2010లో ప్రభుత్వం సర్వే చేయిస్తే సగంలో ఆగిన కాలనీలు 2,800కు పైగా తేలాయి. 2011 జనాభా లెక్కల్లో సెలవు ఇళ్లతో కలిపి 2,89,451 ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. అదే ఏడాది సామాజిక గృహాల కోసం వరుసలో ఉన్న కుటుంబాలు 98,318. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఖాళీ ఇళ్లను వరుసలో ఉన్నవాళ్లకు ఇచ్చేస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అప్పటికే బ్యాంకుల మొండి బాకీలను కొనడానికి నామా అనే ప్రభుత్వ ఏజెన్సీ ఏర్పడింది. దాదాపు 74 బిలియన్ యూరోల ముఖవిలువ ఉన్న అప్పులను అది 32 బిలియన్లకు లోపే కొన్నది. ఆ అప్పులకు తాకట్టుగా ఉన్న ఇళ్లలో 7,000 వరకు సామాజిక గృహాలకు పనికొస్తాయని గుర్తించి స్థానిక కౌన్సిళ్ల ముందు పెట్టింది. బేరాలు తేలికయ్యేందుకు 2012లో నార్ప్స్ అనే ప్రత్యేక సంస్థను కూడా పెట్టింది. బిల్డర్ల దగ్గర ఇళ్లు తీసుకుని హౌసింగ్ బాడీలకు దీర్ఘకాలిక లీజుకివ్వడం దాని పని. ఇంత చేసినా చివరికి చేతులు మారినవి దాదాపు 2,600 ఇళ్లు. అప్పులు ప్రభుత్వ ఏజెన్సీ చేతిలోనే ఉన్నా, ఎంపిక కౌన్సిళ్లదే అయినా, దేశమంతా ఇళ్ల కొరత గురించి మాట్లాడుకుంటున్న రోజుల్లో కూడా గుర్తించిన ఇళ్లలో సగం కూడా కుదరలేదు.

ఎందుకు కుదరలేదో చూస్తే మీ ఫ్లాటు సంగతీ అర్థమవుతుంది. మొదటి కారణం చోటు. 1998 తర్వాత ఎగువ షానన్ ప్రాంతంలో ఇళ్లు కడితే పన్ను మినహాయింపు ఇచ్చారు. లైట్రిమ్, లాంగ్‌ఫర్డ్ కౌంటీల్లో అవసరాన్ని చూసి కాక మినహాయింపును చూసి కాలనీలు లేచాయి. 2011లో లైట్రిమ్‌లో దాదాపు మూడింట ఒక వంతు ఇళ్లు ఖాళీ. ఇంటి కోసం వరుసలో ఉన్న వేలమంది మాత్రం డబ్లిన్‌లో, కార్క్‌లో ఉన్నారు. ఉద్యోగం, పిల్లల బడి, ముసలి తల్లిదండ్రులు అక్కడుంటే, వంద మైళ్ల అవతల ఖాళీగా ఉన్న ఇల్లు ఆ కుటుంబానికి ఇల్లు కాదు. రెండో కారణం, ఒకేచోట సామాజిక గృహాలు ఎక్కువైపోతాయని కౌన్సిళ్లు కొన్ని కాలనీలను వద్దనడం. మూడోది ఇళ్ల నాణ్యత. ఇంగ్లండ్‌కూ ఇలాంటి అనుభవమే. 2008 మేలో అక్కడి ప్రభుత్వం బిల్డర్ల దగ్గర అమ్ముడుపోని కొత్త ఇళ్లు కొని సామాజిక గృహాలుగా మార్చేందుకు 20 కోట్ల పౌండ్లు కేటాయించింది. బిల్డర్లు తెచ్చినవాటిలో చాలా భాగం పెట్టుబడిదారుల కోసం ఊరి నడిబొడ్డున కట్టిన చిన్న ఫ్లాట్లు. హౌసింగ్ అసోసియేషన్లు వెతుకుతున్నవి పిల్లలున్న కుటుంబాలకు సరిపోయే ఇళ్లు. సామాజిక గృహాలకు ఉన్న కొలతల ప్రమాణాలు ఆ ఫ్లాట్లలో చాలావాటికి సరిపోలేదు.

ఇప్పుడు మీ విషయం. చోటు విషయంలో మీకు చిక్కు లేదు, డబ్లిన్‌లో ఇల్లు ఖాళీగా ఉండదు. మీ బలమంతా అందులో ఉంటున్న కుటుంబమే. ఇల్లు అమ్మేస్తామని యజమాని నోటీసు ఇచ్చినప్పుడు ప్రభుత్వ సాయంతో అద్దె కట్టే కుటుంబం వీధిన పడకుండా, వాళ్లు అందులోనే ఉంటుండగా ఇంటిని కొనే ఏర్పాటును 2023లో ప్రభుత్వం పెద్ద ఎత్తున చేపట్టింది. ఆ ఏడాదికి 1,500 ఇళ్ల లక్ష్యం పెట్టుకుంది. తర్వాత నిధులూ నిబంధనలూ బిగిశాయి. కాబట్టి ఏజెంటు కన్నా ముందు మీ కౌన్సిల్ గృహ విభాగాన్ని అడగండి. నోటీసు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే అడగండి. కుటుంబం వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయితే కౌన్సిల్ కొనడానికి ఉన్న ప్రధాన కారణమే పోతుంది.

అసలు చిక్కు లోపాల దగ్గరుంది. 1991 నుంచి 2013 మధ్య ఐర్లండ్‌లో కట్టిన అపార్ట్‌మెంట్లలో 50 నుంచి 80 శాతం వాటిలో అగ్నిరక్షణ, నిర్మాణ, నీటి లీకేజీ లోపాల్లో ఏదో ఒకటి ఉండవచ్చని 2022లో ప్రభుత్వ నిపుణుల బృందం అంచనా వేసింది. అందువల్ల లోపం ఉన్నంత మాత్రాన మీ బిల్డింగును ఎవరూ వింతగా చూడరు. దాచిపెడితే మాత్రం ఆ క్షణమే బేరం ముగుస్తుంది. డబ్లిన్‌లో డొనమీడ్‌లోని ప్రయరీ హాల్ అపార్ట్‌మెంట్లను గృహరంగంలో పనిచేసేవాళ్లు ఎవరూ మరిచిపోలేదు. 2011 అక్టోబరులో అగ్నిప్రమాద భయంతో కోర్టు ఆదేశంపై అక్కడివాళ్లందరినీ ఖాళీ చేయించారు. యజమానుల అప్పుల సంగతి తేలడానికి రెండేళ్లు పట్టింది. అద్దెకున్నవాళ్ల ప్రాణాలకు పూచీపడాల్సిన సంస్థ ఇంజినీరు నివేదిక లేకుండా సంతకం పెట్టదు, పెట్టకూడదు కూడా. మీ బిల్డింగు యజమానుల నిర్వహణ కంపెనీ ప్రభుత్వ మరమ్మతు పథకానికి దరఖాస్తు చేసిందో లేదో తెలుసుకోండి. ఆ పథకం కింద దరఖాస్తు కంపెనీ చేయాలి, విడివిడి యజమానులు కాదు. అగ్నిరక్షణ నివేదిక, కంపెనీ ఖాతాలు, పెద్ద మరమ్మతులకు పక్కన పెట్టిన నిధి ఎంతో చెప్పే కాగితం, బీమా పత్రం సిద్ధం చేసుకోండి. ధర మీ బాకీకన్నా తక్కువైతే మీ బ్యాంకు ఒప్పుకోలు లేకుండా అమ్మకం జరగదు. ఆ మాట బ్యాంకుతో ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: బిల్డర్లు అత్యాశతో కట్టారు, బ్యాంకులు కళ్లు మూసుకుని అప్పులిచ్చాయి. మునిగినప్పుడు జనం డబ్బుతో కొని వాళ్లను గట్టెక్కించడం ఏ న్యాయం? పైగా ఆ బిల్డింగుల్లో సొంతంగా కొనుక్కున్నవాళ్ల విలువ పడిపోదా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ కోపం న్యాయమే. దానికి జవాబు కూడా ధర దగ్గరే ఉంది. బిల్డరు పెట్టిన ఖర్చుకు కొంటే అది గట్టెక్కించడమే అవుతుంది. అద్దె మోయగలిగినంతకు, మరమ్మతు ఖర్చు తీసేసి కొంటే నష్టం పడాల్సినవాళ్ల మీదే పడుతుంది. నామా అప్పుల ముఖవిలువలో సగం కూడా చెల్లించకుండా కొన్నది, ఆ తేడా బ్యాంకుల పుస్తకాల్లో నష్టంగా తేలింది. చివరికి ఆ బ్యాంకులకు మూలధనం పోసింది మళ్లీ ప్రజలే కదా అంటారు. నిజమే, అందులో అన్యాయం ఉంది. కానీ అది బ్యాంకులను నిలబెట్టాలని తీసుకున్న నిర్ణయంలో ఉంది. ఆ తర్వాత ఖాళీగా పడి ఉన్న ఇంటికి తాళం వేసి ఉంచినంత మాత్రాన ఆ డబ్బు వెనక్కి రాదు. వేచి చూస్తే మార్కెట్ కోలుకుంటుందిగా అనేవాళ్లూ ఉన్నారు. డబ్లిన్‌లో అలాగే కోలుకుంది. అప్పట్లో చౌకగా కౌన్సిళ్లకు దక్కగల ఇళ్లు తర్వాత చాలా ఎక్కువ అద్దెతో వాళ్లకే భారమయ్యాయి. నా దృష్టిలో ఆ సమయంలో ప్రభుత్వం చేసిన పొరపాటు కొనడం కాదు, తక్కువగా కొనడం.

ఇక పక్కింటివాళ్ల భయం. అపార్ట్‌మెంటులో అందరినీ ఇబ్బంది పెట్టేది నిర్వహణ రుసుము కట్టని యజమానే. మార్కెట్ పడిపోయినప్పుడు ఐర్లండ్‌లో ఆ రుసుము కట్టడం మానేసినవాళ్లలో అప్పుల్లో మునిగిన పెట్టుబడిదారులు చాలామంది. హౌసింగ్ బాడీకి ఏటా వచ్చే ప్రభుత్వ చెల్లింపులో ఈ రుసుము ముందే లెక్కలో ఉంటుంది, కాబట్టి ఆ సంస్థ కట్టడం మానదు. లిఫ్ట్, పైకప్పు బాగుచేయడానికి డబ్బు ఉన్న బిల్డింగు విలువ పడిపోవడానికి కారణం కనిపించదు. అయితే ఒకే బిల్డింగులో ఎన్ని సామాజిక గృహాలుండాలన్న ప్రశ్న మాత్రం నిజమైనదే. ఐర్లండ్‌లో కొత్త కట్టడాల్లో కొంత భాగం సామాజిక, సరసమైన ఇళ్లకు విడిచిపెట్టాలని 2000 నాటి ప్రణాళికా చట్టంలో పెట్టింది పేదలనూ మిగతావాళ్లనూ కలిపి ఉంచడానికే. ఆ వాటా ఒక దశలో 20 నుంచి 10 శాతానికి తగ్గింది, 2021లో మళ్లీ 20కి చేరింది.

ప్రశ్న: మన హైదరాబాద్‌లో అమ్ముడుపోని ఫ్లాట్లు ఇన్ని ఉన్నాయి. ఇదే పద్ధతి ఇక్కడ ఎందుకు పెట్టకూడదు?
- ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: కొనే చేయి లేదు కాబట్టి. రాజీవ్ స్వగృహ అనే ప్రభుత్వ పథకం కింద 2007లో మొదలైన టవర్లలో బండ్లగూడ, పోచారం ఫ్లాట్లు ఎన్నో ఏళ్లు ఎండకు, వానకు అలాగే నిలబడ్డాయి. 2022లో ప్రభుత్వం వాటిని లాటరీ వేసి అమ్మకానికి పెట్టింది. అద్దెకిచ్చి, చూసుకుని, ముప్ఫై ఏళ్లపాటు మరమ్మతులు చేసే సంస్థకు అప్పగించాలన్న ఆలోచనకు చోటే లేదు, ఎందుకంటే అలాంటి సంస్థ మనకు లేదు. మన ప్రభుత్వాల ఇళ్ల పథకాలు దాదాపు అన్నీ పట్టా చేతికిచ్చి సెలవు తీసుకునేవే. అద్దె ఇంటి మాట 2020లో కేంద్రం ఎత్తింది. నగరాల్లో ప్రభుత్వ సొమ్ముతో కట్టి ఖాళీగా వదిలేసిన 83 వేలకు పైగా ఇళ్లను వలస కూలీలకు అద్దెకిద్దామన్నారు. 2023 నాటికి ఆరు వేలకు లోపే అలా మారాయి. ఇక్కడ కూడా ఒక కారణం చోటే. కూలి దొరికే చోటికి రోజూ బస్సు చార్జీ పెట్టుకోలేని మనిషి ఊరి చివరి టవర్లో ఉండలేడు.

మొదలుపెట్టాలంటే ఇళ్లు కొనడంతో కాదు, అద్దె చెల్లింపుతో మొదలుపెట్టాలి. ఒక ఇంటికి ఏటా ఇంత అని పాతికేళ్లపాటు ఆగకుండా చెల్లిస్తామని రాష్ట్ర ప్రభుత్వం బాండు రాసిస్తే, దాన్ని చూసి అప్పిచ్చే బ్యాంకు దొరుకుతుంది. ఆ అప్పుతో పనిచేసే సంస్థా పుడుతుంది. నాచారం, బాలానగర్ లాంటి పనిచోట్లకు దగ్గర్లో పూర్తయి మిగిలిపోయిన ఫ్లాట్లు ఏవో ముందు గుర్తించి, వాటికి మాత్రమే ఆ చెల్లింపు వర్తింపజేయాలి. మీ ఎమ్మెల్యేను అడగాల్సింది ఖాళీ ఫ్లాట్లు ఎన్నో కాదు, ఏటా చెల్లించడానికి బడ్జెట్‌లో ఎంత పెడతారని.